కీచుకీ కిర్రుకీ తేడా

ఆ కారు మలుపు తిరిగిందంటే చాలు, వీధిలో వాళ్లకు పళ్లు జివ్వుమనేవి. మందుల షాపాయన చేతిలో సీసా పట్టుకునే తల తిప్పి చూసేవాడు. ఎదురు మేడ మీద బట్టలారేసే ఆవిడ క్లిప్పులు నోట్లో కరచుకుని రెండు చెవులూ మూసుకునేది. రెండు వారాలుగా అదే వరస. ఆ కూత వినని మనిషి వీధి మొత్తం మీద ఒక్కడే ఉన్నాడు, ఆ ఒక్కడూ స్టీరింగు పట్టుకుని కూర్చున్నవాడే.

జనం తనవైపు చూస్తున్నారన్నది మాత్రం ఆయన గమనించాడు. కొత్త చొక్కా బాగా నప్పిందనుకున్నాడు. మర్నాడు పాత చొక్కా వేసుకెళ్లినా చూశారు. అరవై నాలుగేళ్లొచ్చినా మనలో ఏదో ఉందన్నమాట అనుకుని, మందుల షాపాయనకు చెయ్యి ఊపాడు కూడా.

ఆయన్ను అందరూ చెవి మేస్త్రి అంటారు. పొడుగు చెవులని కాదు, ఆ చెవులకున్న పనితనాన్ని బట్టి. బట్టల ఫ్యాక్టరీలో ముప్పై మూడేళ్లు కుట్టు మిషన్లు బాగు చేశాడు. హాల్లో నూట ఇరవై మిషన్లు ఒక్కసారిగా పరుగెడుతుంటే పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. మేస్త్రి గుమ్మంలో నిలబడి, కళ్లు మూసుకుని, "మూడో వరస, కిటికీ నుంచి ఐదోది, బాబిన్ కింద దారం ముక్క ఇరుక్కుంది" అనేవాడు. వెళ్లి విప్పితే దారం ముక్క ఉండేది. 

ఆయనకో పట్టుదల ఉండేది. ఎవరైనా వచ్చి "చప్పుడొస్తోంది మేస్త్రీ" అంటే కుర్చీలోంచి లేచేవాడు కాదు. ఏ చప్పుడు? కీచా, కిర్రా, గరగరా, టకటకా? కీచంటే సన్నగా, పైకి వస్తుంది, రేకేదో ఎక్కడో తగులుతోందని అర్థం. కిర్రంటే కీలు పొడిబారిందని, నూనె అడుగుతోందని. గరగరంటే దుమ్ము. టకటకంటే మర వదులు. భాషలో ఇన్ని మాటలు పెట్టుకుని ఉత్త చప్పుడు అనడం, మీ ఇల్లెక్కడని అడిగితే భూమ్మీద అన్నట్టుంటుందని ఆయన కోపం. ఆ కోపానికి జడిసి కొందరు మిషన్ ఎలా మొత్తుకున్నా అలాగే కుట్టుకునేవాళ్లు.

ఒకరోజు మాత్రం కొత్తగా చేరిన అమ్మాయి వచ్చి, "కిచకిచమంటోందండీ, సూది దిగేటప్పుడు కాదు, లేచేటప్పుడు" అంది. మేస్త్రి చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఆగిపోయింది. అంత శుద్ధంగా రోగం చెప్పిన మనిషిని ఆయన అంతవరకూ చూడలేదు. ఆ తర్వాత ఆ అమ్మాయి మిషన్‌కు లేనిపోని జబ్బులు చాలా వచ్చాయి, ఆయన వెళ్లి చూడక తప్పలేదు. ఏడాది తిరిగేసరికి ఇద్దరికీ పెళ్లయింది. పెళ్లయ్యాక ఆ మిషన్‌కు మళ్లీ సుస్తీ చేసింది లేదు.

ఇప్పుడు ఇద్దరూ ఫ్యాక్టరీ మానేసి ఇంట్లోనే పని చేసుకుంటున్నారు. ముందు గదిలో కిటికీ పక్కన ఆవిడ మిషన్, గోడ వారగా ఆయన బల్ల. పాడైన మిషన్లు పక్క పేటల నుంచి కూడా వస్తాయి. తెచ్చేవాళ్లంతా ఆ పేరు విని తెచ్చేవాళ్లే. చెవి మేస్త్రి దగ్గరకు తీసుకెళ్లు, విప్పకుండానే చెప్తాడు అంటారు.

ఆ చెవికే ఏడాదిన్నర కింద దెబ్బ తగిలింది. ఆవిడకు జ్వరమొస్తే ఆయన థర్మామీటరు పెట్టాడు. కాసేపటికి ఆవిడ తీసేసింది. అప్పుడే ఎందుకు తీశావు, ఇంకా కూయలేదుగా అన్నాడు. కూసిందిగా అని ఆవిడ కళ్లు మూసుకుంది. మేస్త్రి ఆ థర్మామీటరు తీసుకుని బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు. తన నాలుక కింద నాలుగుసార్లు పెట్టుకుని చూశాడు. నాలుగుసార్లూ అంకెలు మారి ఆగాయి గానీ కూత రాలేదు. మాటలు వినపడుతున్నాయి, హారన్లు వినపడుతున్నాయి, పక్కింటి తలుపు దబ్బున వేసుకోవడం వినపడుతోంది. సన్నవి మాత్రం పోయాయి. ఆయన థర్మామీటరు కడిగి, తుడిచి, డబ్బాలో పెట్టేసి, ఈ సంగతి చచ్చినా ఎవరికీ చెప్పకూడదనుకున్నాడు. భార్యకు కూడా.

చెవి మేస్త్రికి చెవుడొచ్చిందని తెలిస్తే ఇంకేముంది, ఆ పేరుతో పాటు ఆ బల్ల కూడా ఖాళీ అవుతుందని ఆయన భయం. అందుకని వేళ్లతో వినడం నేర్చుకున్నాడు. మిషన్ ఒంటి మీద వేలి కొసలు ఆనించి, చక్రం తిప్పి, అదురు ఎక్కడుందో పట్టేసేవాడు. కళ్లు మాత్రం పాతరోజుల్లోలాగే మూసుకునేవాడు. ఎదుటివాళ్లకు తేడా తెలియలేదు.

అన్నిటికంటే ఎక్కువగా ఆయన భయపడింది బావమరిదికి. బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు. ఈ బావమరిది కూడా బతుకు కోరేవాడే, కానీ ఆ బతుకు మీద పూటకో జోకు వెయ్యకపోతే అన్నం సహించనివాడు. రెండు వీధుల అవతల డ్రైవింగ్ స్కూల్లో నేర్పిస్తాడు. పెళ్లినాడు బావ చెప్పులు మార్చి వేసుకున్న సంగతి ఇప్పటికీ, ముప్పై ఏళ్లైనా, నిన్న జరిగినట్టే చెబుతాడు. అలాంటివాడి నోట ఈ చెవుడు పడితే తాను పోయాక కూడా చెప్పుకుంటాడని మేస్త్రి బెంగ.

ఆ బావమరిదే గురువారం సాయంత్రం వచ్చి, గుమ్మంలోనే అందుకున్నాడు.

"బావా, నీ కారు బ్రేకు ఏంటలా కిర్రుమంటోంది? మా స్కూలు వాళ్లు నిన్ను చూడకముందే బండి పక్కకి తీసేస్తున్నారు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు మేస్త్రి చెయ్యి దానంతటది చెవి దగ్గరకు వెళ్లింది. గోక్కున్నట్టు నటించి దింపేశాడు. వింటూనే ఉన్నాను, రెండ్రోజులైంది అన్నాడు. రెండ్రోజులేంటి, రెండు వారాలైంది అన్నాడు బావమరిది. అది మొదటి రకం, నేను చెప్పేది రెండో రకం సంగతి అన్నాడు మేస్త్రి. సరే, ఇంతకీ ఏ చక్రం అని అడిగాడు బావమరిది.

చెవి మేస్త్రిని ఏ చక్రం అని అడిగితే తెలీదు అనడమా? నాలుగింట్లో ఒకటి ఎలాగూ అవుతుంది. ఆయన కళ్లు మూసుకుని, కాసేపు ఆగి, "కుడి ముందు" అన్నాడు. కిటికీ దగ్గర ఆవిడ మిషన్ ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది.

నిజానికి కారు సంగతి చూడమని ఆవిడ అప్పటికే రెండుసార్లు చెప్పింది. చూద్దాంలే అని రెండుసార్లూ పెడచెవిన పెట్టాడు. ఆ చెవిలో కూత అసలు పడటం లేదని ఒప్పుకోవడం కంటే అదే సులువనిపించింది. ఇప్పుడు బావమరిది ముందు నోరు జారాక కారు విప్పక తప్పలేదు.

ఆదివారం పొద్దున్నే ఇంటి పక్క జాగాలో పని మొదలైంది. బావమరిది ప్లాస్టిక్ స్టూలు, టీ గ్లాసుతో సహా ముందే హాజరు. పని మాత్రం మేస్త్రి పద్ధతిగానే చేశాడు, అందులో వంక పెట్టడానికి లేదు. హ్యాండ్ బ్రేకు లాగి, వెనక చక్రాలకు చెక్కముక్కలు అడ్డం పెట్టాడు. చక్రం నేల మీద ఉండగానే నట్లు సడలించి, అప్పుడు జాకీ ఎత్తి, కింద స్టాండు ఆనించి, చక్రం ఊడదీశాడు. లోపల గుండ్రటి ఇనప డిస్కు, దానికి అటూ ఇటూ రెండు ప్యాడ్లు. బ్రేకు తొక్కితే ఈ రెండూ కలిసి డిస్కును నొక్కి పట్టుకుంటాయి. విప్పి చూస్తే ప్యాడ్లు ఇంకా సగానికి పైగానే ఉన్నాయి.

తానేమీ వినలేదు కాబట్టి ఆయన దగ్గరున్న ఆధారమల్లా బావమరిది అన్న మాట ఒక్కటే. కిర్రు అన్నాడు. కిర్రంటే పొడిబారిందని. వెతికితే పాత బండిలో పొడిబారనిదేముంటుంది? ప్యాడ్లను పట్టుకుని ఉండే క్యాలిపర్ అటూ ఇటూ జరిగే పిన్నులు కాస్త పొడిగానే కనిపించాయి. ఇదే, దొరికింది అనుకున్నాడు. వైర్ బ్రష్‌తో తుప్పు దులిపి, ప్యాడ్ల మొహాల మీద మెరుపు పోయేలా గరుకు కాగితంతో రుద్దాడు. పిన్నులకు, ప్యాడ్ల వీపులకు, రెండు కొసలా పొడుచుకొచ్చిన చెవులకు సన్నగా బ్రేకు గ్రీజు పూశాడు. పూస్తుండగా ముప్పై మూడేళ్ల అలవాటు చొప్పున ఎడమ చెయ్యి నూనె డబ్బా అందుకుంది. కూత వినపడితే చుక్క నూనె, ఆయన వృత్తి మొత్తం ఆ చుక్క మీదే నడిచింది.

"బావా, బ్రేకుకి నూనె వేస్తే కూత ఆగుతుంది, బండి ఆగదు" అన్నాడు బావమరిది టీ ఊదుకుంటూ.

మేస్త్రి డబ్బాను చూసి తానే ఉలిక్కిపడి, దూరంగా మెట్టు మీద పెట్టేశాడు. చక్రం బిగించి, పెడల్ గట్టిపడేదాకా తొక్కి, కారును సందు చివరికి తీసుకెళ్లి వెనక్కి తిప్పాడు. ఇప్పుడు అసలు పరీక్ష. బాగైందో లేదో తెలుసుకోవడానికి ఆయనకున్న దారి బావమరిది మొహం ఒక్కటే. గేటు దగ్గరకు రాగానే ఆ మొహం మీదే చూపు నిలిపి బ్రేకు తొక్కాడు. తొక్కగానే ఆ మొహం ప్రశాంతంగా విప్పారింది. మేస్త్రి ప్రాణం లేచొచ్చింది. దిగి, చేతులు దులుపుకుని, చూశావా, గొంతు నొక్కేశాను అన్నాడు.

"ఏం నొక్కావ్ బావా? సందు చివర్నుంచి గేటు దాకా కూసుకుంటూనే వచ్చావుగా."

కుడితిలో పడ్డ ఎలుకలా అయింది మేస్త్రి పని. పైకి మాత్రం మేకపోతు గాంభీర్యంతో, అది కొత్త గ్రీజు సర్దుకునే చప్పుడని, రెండు కిలోమీటర్లు తిరిగితే పోతుందని చెప్పాడు. ఆ మాటకు కాస్త బలం కావాలని గుమ్మంలో నిలబడ్డ భార్య వైపు చూశాడు. ఆవిడ అవునూ అనలేదు, కాదూ అనలేదు. పోనీ ఎడమ చక్రం కూడా విప్పుదామా అని బావమరిది మంచిగానే అడిగాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని కూర్చున్నాడు మేస్త్రి. ఎడమది విప్పితే కుడి ముందు అన్నది తప్పని తేలిపోదూ?

ఆవిడ పమిటకు గుచ్చుకున్న గుండుసూదులు తీసి డబ్బాలో వేసి, మెట్లు దిగి వచ్చింది. తమ్ముణ్ణి పిలిచి నల్లదారం తెమ్మంది. పెట్టెడు నల్లదారం ఉందిగా అక్కా అన్నాడు వాడు. అది వేరే నలుపు అంది. అక్క గొంతులో ఏం వినపడిందో, వాడు టీ గ్లాసు కింద పెట్టి కిమ్మనకుండా వెళ్లాడు.

వాడు మలుపు తిరిగేదాకా ఆగి, ఆవిడ మొగుడివైపు తిరిగింది.

"ఎక్కండి. నడక వేగంలో పోనివ్వండి. నేను పక్కన నడుస్తా."

ఎందుకని అడగడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. కారు మెల్లగా కదిలింది. ఆవిడ చీర కుచ్చెళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, చక్రాల వైపు తల వంచి, కుడి పక్క కొంత దూరం నడిచింది. తర్వాత ఎడమ పక్కకు మారింది. తొక్కమన్నప్పుడు తొక్కాడు, వదలమన్నప్పుడు వదిలాడు. సందు చివర ఆవిడ కిటికీలోకి వంగింది.

"ఎడమ ముందు. కీచు."

"వాడు కిర్రన్నాడే."

"వాడికి కీచుకీ కిర్రుకీ తేడా తెలిస్తే మీరే ఫ్యాక్టరీలో పెట్టుకునేవారు. కీచే. తొక్కితే ఆగుతోంది, వదిలితే మళ్లీ మొదలు. చక్రం తిరిగే కొద్దీ ఒకసారి సన్నబడి మళ్లీ లేస్తోంది."

ఆ మాటలు వింటుంటే మేస్త్రికి లోపలున్నది కళ్లకు కట్టింది. కీచంటే రేకు. వదిలినప్పుడు తగిలి, తొక్కితే బిగుసుకుని ఊరుకుంటోంది. అందుకే గేటు దగ్గర తొక్కగానే బావమరిది మొహం విప్పారింది. ఆ కూత ఒక్కసారి కూడా వినకుండానే ఆయనకు రోగం తెలిసిపోయింది. చాలా రోజుల తర్వాత ఆయన నిజంగా కళ్లు మూసుకున్నాడు.

వెనక్కి వచ్చి ఎడమ చక్రం ఊడదీశాడు. బయటి ప్యాడ్ బాగానే ఉంది, పైనుంచి చూసేవాళ్లకు కనపడేది అదే. లోపలిది తీస్తే చొక్కా గుండీ మందం కూడా మిగల్లేదు. పిన్ను తుప్పు పట్టి బిగుసుకుపోయి, భారమంతా ఆ ఒక్కదాని మీదే పడింది. ప్యాడ్ అంచున వేలి గోరంత ఇనప నాలుక డిస్కును గీరుకుంటూ మెరుస్తోంది. ప్యాడ్ అరిగిపోయిందని బండి నడిపేవాడి చెవిన వెయ్యడానికే దాన్ని పెడతారు. దానికి వేరే పని లేదు. రెండు వారాలుగా అది తన పని తాను చేస్తూనే ఉంది.

మేస్త్రి నేల మీద చతికిలబడ్డాడు. రోజూ బట్టల బజారుకు వెళ్లే దారిలో వంతెన దిగుడు ఉంది. ఈ రెండు వారాల్లో ఆ దిగుడు ఎన్నిసార్లు దిగారో, పక్క సీట్లో ఆవిడ ఒళ్లో బట్టల మూట పెట్టుకుని ఎలా నిశ్చింతగా కూర్చుందో ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఇంకో వారం గడిస్తే ఇనుమూ ఇనుమూ రాసుకునేవి. ఆయనకు భయం వేసింది. భయం కంటే ఎక్కువగా సిగ్గు వేసింది. అరిగిన ప్యాడ్‌ను అరచేతిలో తిప్పుతూ ఉండిపోయాడు.

"నాకు వినపడలేదు" అన్నాడు చివరికి.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"థర్మామీటరు రోజు నుంచి. బాత్రూంలో నాలుగుసార్లు కూసింది. బయట నిలబడి లెక్కపెట్టా."

"మరి అడగలేదేం?"

"మీరే చెప్తారని చూశా. ఇలా చక్రం దాకా వస్తుందనుకోలేదు. అందులో నా తప్పూ ఉంది."

ఏడాదిన్నరగా ఆవిడ తన ఎదురుగా వచ్చి నిలబడే మాట్లాడుతోందని, గొంతు కాస్త బరువుగా పెడుతోందని ఆయనకు అప్పుడు తట్టింది. వయసు మీద పడి గొంతు మారిందనుకున్నాడు ఇన్నాళ్లూ. అంత పేరున్న చెవి ఇంట్లో మనిషి గొంతు ఎందుకు మారిందో పట్టుకోలేకపోయింది.

మరి మిషన్ల సంగతేంటని నెమ్మదిగా అడిగాడు. రేపే చెవుల డాక్టరు దగ్గరకు వెళ్దామంది ఆవిడ. డాక్టరు ఏం చెప్పినా చెప్పకపోయినా, సన్నవి తాను వింటానని, విప్పడం ఆయన చూసుకోవాలని కూడా అంది. జనం ఏమంటారని ఆయన గొణిగితే, జనానికి కావలసింది మిషన్ నడవడమని, ఎవరి చెవితో నడిచిందన్నది వాళ్లకెందుకని తీసిపారేసింది.

ఈలోగా బావమరిది నల్లదారంతో తిరిగొచ్చి, ఊడి ఉన్న ఎడమ చక్రాన్ని చూశాడు. వాడి కళ్లు మెరిశాయి. వాడు నోరు తెరిచేలోపే మేస్త్రి అందుకున్నాడు.

"ఒరేయ్, నాకు సన్న చప్పుళ్లు వినపడవు. ఏడాదిన్నరైంది. కుడి ముందు అన్నది ఊరికే అన్నా."

బావమరిది తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. అక్కను చూశాడు, అరిగిన ప్యాడ్‌ను చూశాడు, దారం ఉండను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"అయితే బావా, ఇన్నాళ్లూ నేను నీ మీద వేసిన జోకులు?"

"గట్టిగా వేసినవి విన్నా. సన్నగా వేసినవి వినలేదు."

"అయ్యో, మంచివన్నీ సన్నగానే వేశాను" అని నిజంగానే బాధపడ్డాడు. బాధపడుతూనే వెళ్లి ముందు చక్రాలు రెంటికీ సరిపడే ప్యాడ్ల సెట్టు తెచ్చాడు. ఒక పక్క కొత్తవి, ఒక పక్క పాతవి ఉంటే బండి ఒక వైపుకి లాగుతుందని దారిన పోయేవాళ్లు కూడా వినేంత గొంతుతో వివరించాడు. అంత గట్టిగా అక్కర్లేదురా, నీ గొంతు ఎలాగూ గరగరే, అది బాగానే వినపడుతుంది అన్నాడు మేస్త్రి.

మిగిలిన పని ముగ్గురూ కలిసి చేశారు. బిగుసుకున్న పిన్ను ఊడబెరికి, తుప్పు వదిలేదాకా రుద్ది, గ్రీజు పూశారు. మిషన్ బల్లలకు వాడే బిగింపుతో క్యాలిపర్ లోపల ప్యాడ్‌ను నెట్టే పిస్టన్‌ను మెల్లగా వెనక్కి నొక్కాడు మేస్త్రి. అలా నొక్కుతున్నప్పుడు బ్రేకు ఆయిల్ డబ్బా పొంగకుండా ఆవిడ చూసింది. కొత్త ప్యాడ్లు రెండు వైపులా కూర్చున్నాయి. చక్రాలు బిగించాక మేస్త్రి పెడల్‌ను పదిసార్లు తొక్కాడు. మొదట మెత్తగా దిగిన పెడల్ తర్వాత పాదం కింద గట్టిపడింది.

ఆవిడ పక్క సీట్లో కూర్చుంది. బావమరిది వెనక ఎక్కబోతే, నువ్వు ఇంటి దగ్గరే ఉండమంది. కారు సందు దాటి, పెద్ద రోడ్డు వార కొంత దూరం వెళ్లింది. ఆయన బ్రేకు తొక్కాడు, వదిలాడు, మళ్లీ తొక్కాడు. వంతెన దిగుడు మొదట్లో ఒక పక్కగా ఆపాడు. ఆయనకు పొద్దున ఎంత నిశ్శబ్దంగా ఉందో ఇప్పుడూ అంతే నిశ్శబ్దంగా ఉంది. అలవాటు చొప్పున పక్కనున్న మొహం వైపు దొంగచూపు చూడబోయి, ఆగి, నోరు తెరిచి అడిగాడు.

"పోయిందా?"

"పోయింది."

ఆయన స్టీరింగు మీద వేళ్లు ఆడించాడు. ఆ ఒక్క మాట మీదే ఇక దిగుడంతా దిగాలి.

"నిజంగా పోయిందా, నా మనసు కోసం అంటున్నావా?"

"మీ మనసు కోసం అనేదాన్నయితే పొద్దున గేటు దగ్గరే అనేదాన్ని. పోనివ్వండి."

ఆయన కారును దిగుడులోకి పోనిచ్చాడు.